పురిటి నొప్పులు: హార్మోన్లూ రక్షక కణాలూ కలిసి చేసే పని

గర్భిణి మొదటిసారి పరీక్షకు వెళ్ళిన రోజే డాక్టరు కార్డు మీద ఒక తేదీ రాసి ఇస్తారు. చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కకట్టి వేసే తేదీ అది. ఇంటిల్లిపాదీ దాన్ని గుర్తుపెట్టుకుంటారు. కానీ సరిగ్గా ఆ రోజునే ప్రసవించేవారు నూటికి నలుగురైదుగురికి మించరు. మిగిలినవారికి కొన్ని రోజులు అటో ఇటో అవుతుంది. మరి ఆ ఘడియను నిర్ణయించేది ఎవరు? తల్లా? బిడ్డా? ఇద్దరి మధ్యా ఉన్న మాయా?

బడి పుస్తకాల్లో హార్మోన్లది ఒక పాఠం, ప్రత్యుత్పత్తిది మరొక పాఠం. తెల్లరక్తకణాలూ రోగనిరోధక శక్తీ ఇంకెక్కడో వస్తాయి. ఈ మూడూ ఒకేచోట కలిసి పనిచేసేది కాన్పు సమయంలో. సిలబస్‌లో దానికి చోటు లేదు. పెళ్ళయిన ఆడపిల్లలున్న ప్రతి ఇంటికీ మాత్రం అక్కరకొచ్చే సంగతి కాబట్టి, ఆ పాఠాన్ని ఈ సంచికలో పెద్దల కోసం చెప్పదలిచాం.

మన ఇళ్ళల్లో దీన్ని జచ్గీ అంటాం, పక్కింట్లో కాన్పు అంటారు, పుస్తకంలో ప్రసవం అని రాస్తారు. హైదరాబాద్ పాతబస్తీలో ప్రసూతి ఆసుపత్రిని ఇప్పటికీ జచ్గీఖానా అనే పిలుస్తారు. ఏ మాట వాడినా లోపల జరిగేది ఒక్కటే.

తొమ్మిది నెలల నిశ్శబ్దం

గర్భసంచి అంటే కండరంతో చేసిన సంచి. మామూలు రోజుల్లో 60, 70 గ్రాముల బరువుంటుంది. నెలలు నిండేసరికి కిలో దాకా పెరుగుతుంది. కండరం అన్నాక ముడుచుకోవడమే దాని స్వభావం. లోపల ఇంత బిడ్డ పెరుగుతూ సాగదీస్తున్నా అది తొమ్మిది నెలలపాటు ముడుచుకోకుండా ఎలా ఊరుకుంటుంది? నొప్పులు ఎందుకు వస్తాయని అడిగేముందు, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడగాలి.

ఆపి ఉంచేది ప్రొజెస్టిరాన్. మొదటి రెండు, రెండున్నర నెలలు దీన్ని అండాశయం తయారుచేస్తుంది. ఆ తర్వాత ఆ బాధ్యతను మాయ తీసుకుంటుంది. గర్భసంచి కండరాన్ని శాంతంగా ఉంచడం, ముఖద్వారాన్ని గట్టిగా మూసి ఉంచడం దీని పనులు. గొర్రెల్లో కాన్పుకు ముందు రక్తంలో ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, వెంటనే నొప్పులు మొదలవుతాయి. మనుషుల్లోనూ ఇంతేనని చాలాకాలం అనుకున్నారు. తీరా కొలిచి చూస్తే మనిషి రక్తంలో అది పడిపోనే లేదు. మాయ బయటపడేదాకా దండిగానే ఉంటుంది.

శాస్త్రజ్ఞులను చాలా ఏళ్ళు తికమకపెట్టిన విషయమిది. జవాబు రక్తంలో కాక కండరంలో దొరికింది. ఏ హార్మోనుకైనా దాని మాట వినే గ్రాహకాలు కణంలో ఉండాలి. ప్రొజెస్టిరాన్‌కు ప్రధానంగా రెండు రకాల గ్రాహకాలున్నాయి, ఎ అనీ బి అనీ. బి రకం దాని ఆజ్ఞను పాటిస్తుంది. ఎ రకం చాలావరకు అడ్డుపడుతుంది. నెలలు నిండేకొద్దీ కండరంలో ఎ రకం పాలు పెరుగుతుంది. తరగతి గదిలో మాస్టారు 'నిశ్శబ్దం' అని అరుస్తూనే ఉంటారు, కానీ చివరి గంట దగ్గరపడేకొద్దీ పిల్లలకు ఆ మాట చెవికెక్కదు. ఇదీ అలాంటిదే.

గొర్రెపిల్ల చెప్పిన సంగతి

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నగరంలో లిగ్గిన్స్ అనే ప్రసూతి వైద్యుడు ఉండేవారు. కాన్పు మొదలుపెట్టేది తల్లా బిడ్డా అని తేల్చుకోవడానికి 1960లలో ఆయన గొర్రెల మీద ప్రయోగాలు చేశారు. కడుపులో ఉన్న గొర్రెపిల్ల పీయూష గ్రంథిని నాశనం చేస్తే, నెలలు నిండిపోయినా కాన్పు రాలేదు. మరికొన్ని పిల్లలకు కార్టిసోల్ వంటి స్టెరాయిడ్ మందు ఎక్కించగా అవి గడువుకు ఎంతో ముందే పుట్టాయి. అంటే గొర్రెల్లో గంట కొట్టేది పిల్లే.

అసలు అదృష్టం ఆ తర్వాత ఎదురైంది. ముందుగా పుట్టిన గొర్రెపిల్లల్లో ఒకటి ఊపిరి తీస్తూ కనిపించింది. అంత చిన్న పిల్ల ఊపిరితిత్తులు తెరుచుకోకూడదు, తెరుచుకున్నాయి. ఎక్కించిన స్టెరాయిడ్ కాన్పును తేవడంతోపాటు ఊపిరితిత్తులనూ పక్వం చేసిందని లిగ్గిన్స్ గ్రహించారు. పిల్లల వైద్యుడు హోవీతో కలిసి ఆ మందును మనుషుల్లో పరీక్షించి 1972లో ఫలితాలు ప్రకటించారు. నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉన్న తల్లికి ముందుగా స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే, బిడ్డకు ఊపిరాడని జబ్బు తగ్గింది, మరణాలు తగ్గాయి. మన దేశంలోనూ 24 నుంచి 34 వారాల మధ్య ముందస్తు నొప్పులు వచ్చినవారికి డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాముల చొప్పున, 12 గంటలకొకటిగా నాలుగు మోతాదులు ఇవ్వాలని ప్రభుత్వం 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి మోతాదును ఏ.ఎన్.ఎం. కూడా ఇవ్వవచ్చు. ఇది ఖరీదైన మందు కాదు. పనిచేయడానికి దానికి సమయం ఇవ్వాలి, అంతే. 'ఇంకా నెలలు నిండలేదుగా, తెల్లారాక చూద్దాం' అని రాత్రంతా ఇంట్లో కూర్చుంటే పోయేది సరిగ్గా ఆ సమయమే.

మన పల్లెల్లో ఒక మాట ఉంది. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని. ఇది పూర్తిగా తప్పు. లోపల ఉన్న ప్రతి వారమూ ఊపిరితిత్తులకు బలమే, ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డకన్నా బతికే అవకాశం ఎక్కువ. ఈ మాట నమ్మి, ఎనిమిదో నెలలో నొప్పులొస్తే 'ఎలాగూ దక్కదు' అని పెద్దాసుపత్రికి వెళ్ళడానికి తాత్సారం చేసేవారున్నారు. పెద్దవాళ్ళు ఈ మాట అన్నప్పుడు మర్యాదగానే అయినా గట్టిగా కాదనాలి.

మనుషుల్లో గంట కొట్టేది ఎవరు? గొర్రెలో ఉన్నంత స్పష్టత లేదు, కానీ మాయకు పెద్ద పాత్ర ఉంది. మన మెదడులో ఆందోళన వేళ విడుదలయ్యే సి.ఆర్.హెచ్. అనే హార్మోనునే మాయ కూడా తయారుచేస్తుంది. నెలలు గడిచేకొద్దీ రక్తంలో దాని మట్టం పెరుగుతూ పోతుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 1995లో దీన్ని గమనించి మాయలోని గడియారం అన్నారు. ముందుగా కాన్పయ్యేవారిలో ఆ పెరుగుదల తొందరగానూ, ఆలస్యమయ్యేవారిలో నిదానంగానూ కనిపించింది. మెదడులో కార్టిసోల్ ఎక్కువైతే సి.ఆర్.హెచ్. తగ్గుతుంది. మాయలో తిరకాసు, కార్టిసోల్ ఎక్కువైతే సి.ఆర్.హెచ్. ఇంకా పెరుగుతుంది. అది బిడ్డ అధివృక్క గ్రంథిని ఉసిగొల్పుతుంది. ఆ గ్రంథి ఇచ్చిన ముడిసరుకుతో మాయ ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంది. ఈస్ట్రోజెన్ గర్భసంచి కండరాన్ని పనికి సిద్ధం చేస్తుంది. తల్లీ బిడ్డా మాయా ముగ్గురూ ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ నడిపే పని ఇది.

గేదెకు వేసే సూదిమందే

ఆక్సిటోసిన్ అనగానే మన జిల్లాల్లో చాలామందికి గుర్తొచ్చేది పాలు చేపడానికి గేదెలకు దొంగచాటుగా వేసే సూది. ఆ హార్మోనే కాన్పును నడిపిస్తుంది. 1906లో హెన్రీ డేల్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పీయూష గ్రంథి సారం పిల్లి గర్భసంచిని ముడుచుకునేలా చేయడం చూశారు. కేవలం తొమ్మిది అమినో ఆమ్లాల గొలుసు ఇది. దాన్ని 1953లో ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన విన్సెంట్ డు విగ్నోకు 1955లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

ఆక్సిటోసిన్ రక్తంలో ముందు నుంచీ ఉంటుంది. నెలలు నిండేసరికి మారేది ముఖ్యంగా కండరంలోని దాని గ్రాహకాల సంఖ్య, అవి మామూలు కన్నా వంద రెట్లకు పైగా పెరుగుతాయి. కండర కణాల మధ్య సన్నని దారులు కూడా ఏర్పడతాయి. ఒక కణంలో పుట్టిన విద్యుత్ సంకేతం వాటి గుండా పక్క కణాలకు పాకుతుంది. అందుకే ముందు రోజుల్లో అక్కడక్కడ, అప్పుడప్పుడు గట్టిపడే గర్భసంచి, అసలు నొప్పులప్పుడు మొత్తం ఒక్కటిగా బిగుసుకుంటుంది. దొంగ నొప్పులకూ నిజం నొప్పులకూ తేడా ఇదే. నిజం నొప్పులు క్రమం తప్పకుండా వస్తాయి, దగ్గరవుతాయి, బలపడతాయి. నడిచినా పడుకున్నా తగ్గవు.

బిడ్డ తల ముఖద్వారాన్ని నొక్కుతుంది. ఆ కబురు నరాల ద్వారా మెదడుకు వెళ్తుంది. మెదడు ఆక్సిటోసిన్ వదులుతుంది. గర్భసంచి మరింత గట్టిగా ముడుచుకుంటుంది. తల ఇంకా నొక్కుతుంది. శరీరంలోని ఏర్పాట్లు చాలావరకు ఎక్కువైనదాన్ని తగ్గించేవే. జ్వరమొస్తే చెమట పట్టించేవీ, చక్కెర పెరిగితే ఇన్సులిన్ వదిలేవీ అలాంటివే. ఇదొక్కటి వ్యతిరేకం. బిడ్డ బయటపడితేనే ఈ చక్రం సద్దుమణుగుతుంది.

ఇక్కడ ఒక విషయం కటువుగానే చెప్పాలి. నొప్పులు మందంగా ఉన్నాయని ఇంటికొచ్చి 'నొప్పుల సూది' వేసే అర్హత లేనివారు ఇంకా అక్కడక్కడ ఉన్నారు. ఆసుపత్రిలో ఈ మందును సెలైన్‌లో కలిపి చుక్కల లెక్కన, బిడ్డ గుండె చప్పుడు వింటూ ఇస్తారు. నొప్పికీ నొప్పికీ మధ్య విరామంలోనే మాయకు రక్తం సరిగా అందుతుంది, బిడ్డకు ప్రాణవాయువు చేరుతుంది. మోతాదు మించి విరామం లేకుండా గర్భసంచి బిగుసుకుపోతే బిడ్డకు ఊపిరాడదు. అంతకుముందు ఆపరేషన్ అయిన గర్భసంచి అయితే కుట్ల దగ్గర చిరిగే ప్రమాదమూ ఉంది. కండకు ఒక్కసారి సూది గుచ్చేశాక ఆ మందును వెనక్కి తీయలేం.

పరాయి బిడ్డను ఓర్చుకునే సైన్యం

ఇప్పుడు రోగనిరోధక వ్యవస్థ సంగతి. మరొకరి కిడ్నీని శరీరంలో పెడితే తెల్లరక్తకణాలు దాని మీద దాడిచేస్తాయి. బిడ్డలో సగం జన్యువులు తండ్రివి. మరి తల్లి శరీరం ఆ బిడ్డను ఎందుకు తోసిపారేయదు? పీటర్ మెడవార్ 1953లో అడిగిన ప్రశ్న ఇది. అవయవమార్పిడికి పునాదులు వేసిన శాస్త్రజ్ఞుడాయన, తర్వాత నోబెల్ బహుమతి కూడా అందుకున్నారు.

జవాబు ఒక్కటి కాదు. మాయ బయటి పొర కణాలు తమ మీద హెచ్.ఎల్.ఏ.-జి అనే ప్రత్యేకమైన గుర్తును ధరిస్తాయి. దాన్ని చూసిన రక్షక కణాలు కొట్టకుండా ఆగుతాయి. దాడిని అదుపుచేసే టి కణాలు గర్భంలో పెరుగుతాయి. ప్రొజెస్టిరాన్ కూడా ఈ సంయమనానికి తోడ్పడుతుంది. దీని ప్రభావం ఒక్క గర్భసంచితో ఆగదు. కీళ్ళవాతం ఉన్న స్త్రీలలో చాలామందికి గర్భం నిలిచాక నొప్పులు తగ్గి, కాన్పయ్యాక మళ్ళీ తిరగబెడతాయి. అమెరికా వైద్యుడు ఫిలిప్ హెంచ్ 1930లలో దీన్ని గమనించి, శరీరంలో ఏదో పదార్థం ఈ ఉపశమనం ఇస్తోందని వెతుకుతూ పోయారు. ఆ వెతుకులాట కార్టిసోన్ మందు దాకా వెళ్ళింది, 1950లో నోబెల్ బహుమతి తెచ్చింది. కాబట్టి బాలింతకు కొత్తగా కీళ్ళు పట్టేస్తే 'చలిగాలి తగిలింది' అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించడం మంచిది.

నెలలు నిండాక ఈ సైన్యం తీరు మారుతుంది. గర్భసంచి కండరంలోకి, ముఖద్వారంలోకి, ఉమ్మనీటి సంచి పొరల్లోకి తెల్లరక్తకణాలు చేరతాయి. దెబ్బ తగిలినచోట వాపు, వేడి, నొప్పి పుట్టించే రసాయనాలే ఇక్కడా విడుదలవుతాయి. తేడా ఏమిటంటే ఇక్కడ క్రిములు లేవు, గాయం లేదు. ఇంటర్‌ల్యూకిన్-8 అనే రసాయనం పిలిస్తే వచ్చిన కణాలు ఎంజైములు వదిలి ముఖద్వారంలోని కొల్లాజెన్ నారలను సడలిస్తాయి. ముక్కు కొనలా గట్టిగా ఉన్న ముఖద్వారం పెదవిలా మెత్తబడుతుంది. వైద్య విద్యార్థులకు చెప్పే పోలికే ఇది. ఆ తర్వాతే అది 10 సెంటీమీటర్ల దాకా తెరుచుకోగలదు. ఇదే సమయంలో రక్తపరీక్ష చేస్తే తెల్లకణాలు ఘనపు మిల్లీమీటరుకు ఇరవై వేలు దాటడం కూడా అరుదేమీ కాదు. రిపోర్టులో ఆ అంకె ఒక్కదాన్నే చూసి ఇంటివాళ్ళు కంగారుపడనక్కర్లేదు. జ్వరం, నాడి, ఉమ్మనీటి వాసన చూసి డాక్టరు తేలుస్తారు.

ఈ రక్షక రసాయనాలకూ కండరానికీ మధ్య వారధి ప్రోస్టాగ్లాండిన్లు. ముఖద్వారాన్ని పండించేవీ, కండరాన్ని ముడిచేవీ ఇవే. ఆఫ్రికాలోని కంపాలాలో సుల్తాన్ కరీం అనే శాస్త్రజ్ఞుడు 1968లో వీటిని మందుగా ఇచ్చి నొప్పులు తెప్పించవచ్చని చూపించారు. ఈనాడు ఆసుపత్రుల్లో నొప్పులకోసం పెట్టే జెల్ ఆ కోవలోదే. ఒళ్ళునొప్పులకు మనం కొనుక్కునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు తయారుకాకుండా అడ్డుకుంటాయి. ఐదో నెల దాటిన గర్భిణి వీటిని సొంతంగా వాడకూడదు. ఉమ్మనీరు తగ్గవచ్చు, చివరి నెలల్లో అయితే బిడ్డ గుండె దగ్గరి ఒక రక్తనాళం ముందే మూసుకుపోవచ్చు.

క్రిములు లేకుండా జరగాల్సిన ఈ పనిని క్రిములు ముందే మొదలుపెట్టించగలవు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, యోనిలో ఇన్‌ఫెక్షన్, ఉమ్మనీటి సంచి దాకా పాకిన క్రిములు తెల్లకణాలను రెచ్చగొడతాయి. అవే రసాయనాలు, అవే ప్రోస్టాగ్లాండిన్లు, అవే నొప్పులు. కాకపోతే ఆరో నెలలోనో ఏడో నెలలోనో. ఒక్క 2020లోనే మన దేశంలో దాదాపు 30 లక్షల మంది బిడ్డలు 37 వారాలు నిండకుండా పుట్టారు, ఏ దేశంలోనూ ఇంతమంది లేరు. అన్నిటికీ ఇన్‌ఫెక్షనే కారణం కాదు, కానీ ముఖ్యమైన కారణాల్లో అది ఒకటి. మూత్రపరీక్ష ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరుగుతుంది. మంట లేకపోయినా క్రిములుండవచ్చు కాబట్టే అడగకపోయినా చేస్తారు. మన ఆడపిల్లలు తెల్లబట్ట వాసన వస్తోందనో, మూత్రం మంటగా ఉందనో మగ డాక్టరు ముందు చెప్పడానికి సిగ్గుపడతారు. ఇంట్లో అత్తగారికీ చెప్పరు. ఆశా కార్యకర్త చెవిన వేసినా చాలు, ఆమె స్త్రీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. 37 వారాలకు ముందు పొట్ట పదేపదే గట్టిపడినా, నీరు కారినా, రక్తం కనబడినా, జ్వరం వచ్చినా ఆగకూడదు. 108కి ఫోన్ చేయాలి. చిగుళ్ళ వ్యాధికీ ముందస్తు కాన్పుకూ సంబంధం ఉన్నట్టు కొన్ని పరిశీలనల్లో కనిపించింది. గర్భంలో చిగుళ్ళకు వైద్యం చేస్తే ముందస్తు కాన్పులు తగ్గుతాయని మాత్రం పరీక్షల్లో రుజువు కాలేదు.

భయం కూడా ఒక హార్మోనే

భయపడినప్పుడు అడ్రినలిన్ విడుదలవుతుంది. అది గర్భసంచికి రక్తసరఫరాను తగ్గించి నొప్పులను మందగింపజేయగలదు. ఇంట్లో జోరుగా వచ్చిన నొప్పులు లేబర్ రూమ్‌లోకి ఒంటరిగా వెళ్ళగానే నెమ్మదించడం నర్సులు తరచూ చూసేదే. పక్కన ఒక మనిషి నిరంతరం తోడుంటే ఏమవుతుందో చాలా దేశాల్లో పరీక్షించారు. 26 పరీక్షలు, 15 వేలకు పైగా స్త్రీల ఫలితాలు కలిపి చూస్తే, తోడున్నవారిలో మామూలు కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ, కాన్పు సమయం కాస్త తక్కువ. ఏ మందూ లేకుండా వచ్చిన ఫలితం ఇది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు వేళ ఒక స్త్రీని తోడుగా ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో ఆదేశించింది. నానీ, ఖాలా, వదిన, ఎవరైనా సరే. ఆమె తానే కన్న అనుభవం ఉన్నదై ఉంటే మరీ మంచిది. 'మమ్మల్ని లోపలికి రానివ్వరు' అని కారిడార్‌లో నిలబడేముందు అడిగి చూడాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 మందికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 మందికి పైగా సిజేరియన్‌తోనే కన్నారు. దేశం సగటు 21 దాటింది. ఆపరేషన్ అవసరమైనచోట ప్రాణం నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. నొప్పి భరించలేమన్న భయంతోనో, మంచి రోజు అనో అడిగి చేయించుకునేవి వేరు. నొప్పుల వేళ బిడ్డ శరీరంలోనూ అడ్రినలిన్ జాతి హార్మోన్లు ఉప్పొంగి ఊపిరితిత్తుల్లోని నీటిని ఇంకిస్తాయి. నొప్పులు రాకముందే, 39 వారాలైనా నిండకుండా కోసి తీస్తే కొందరు బిడ్డలకు కొన్ని గంటలపాటు ఆయాసం రావడానికి ఇదొక కారణం.

ఖర్జూరం గురించి మమ్మల్ని చాలామంది అడుగుతుంటారు. జోర్డాన్‌లో చివరి నాలుగు వారాలు రోజుకు ఆరు ఖర్జూరాలు తిన్న 69 మందిని, తినని 45 మందిని పోల్చి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. తిన్నవారిలో నూటికి 96 మందికి, తిననివారిలో 79 మందికి నొప్పులు వాటంతటవే వచ్చాయి. చిన్న అధ్యయనం, చీటీలు వేసి విడదీసిన పరీక్ష కూడా కాదు. ఆహారంగా మంచిదే, మందుగా లెక్కవేయకూడదు. గర్భంలో షుగర్ ఉన్నవారు డాక్టరును అడిగే తినాలి.

బిడ్డ తర్వాత

బిడ్డ పుట్టడంతో హార్మోన్ల పని అయిపోదు. నిండు గర్భంలో గర్భసంచికి నిమిషానికి అరలీటరుకు పైగా రక్తం ప్రవహిస్తుంది. మాయ ఊడిన చోట ఆ నాళాలు తెరుచుకునే ఉంటాయి. వాటిని మూసేది కుట్లు కాదు, కండరమే. అడ్డదిడ్డంగా అల్లుకున్న నారలు ముడుచుకుని నాళాలను ముడివేసినట్టు బిగిస్తాయి. అది బిగుసుకోకపోతే నిమిషాల్లో తల్లి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇస్తారు. ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో దాచాలి. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిన చిన్న క్లినిక్‌లో దాని శక్తి ఏమవుతుందో ఆలోచించుకోవచ్చు. ఇంటి కాన్పు వద్దనడానికి ఈ ఒక్క కారణం చాలు.

తల్లి రక్తంలోని రక్షక ప్రతిదేహాలు మాయ గుండా బిడ్డకు చేరేది ఎక్కువగా చివరి నాలుగు వారాల్లో. తల్లికి వేసే ధనుర్వాతం టీకా బిడ్డను కాపాడేది ఆ దారినే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆ వాటా పూర్తిగా అందదు కాబట్టి ముర్రుపాలు వానికి మరీ అవసరం. పసుపుపచ్చగా, చిక్కగా ఉండే ఆ పాలల్లో పేగులను కాపాడే ప్రతిదేహాలు దండిగా ఉంటాయి. మాయ పడ్డాక ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా తగ్గుతుంది. అప్పుడే అసలు పాలు ఊరడం మొదలై రెండో రోజుకో మూడో రోజుకో రొమ్ములు నిండుతాయి. అందాకా పాలు పడలేదని డబ్బాపాలు తేనక్కర్లేదు, ఆ కాసిని ముర్రుపాలే బిడ్డ బుల్లి కడుపుకు సరిపోతాయి.

బిడ్డ చీకినప్పుడల్లా తల్లి మెదడు మళ్ళీ ఆక్సిటోసిన్ వదులుతుంది. పాలు దిగుతాయి, పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది. తొలిచూలు కన్నా రెండో, మూడో కాన్పులో ఈ నొప్పి ఎక్కువ. బాలింత భయపడి బిడ్డను రొమ్ము నుంచి తీసేయబోతే, ఆగమని చెప్పాలి. గర్భసంచి ముడుచుకుంటూ తన పాత పరిమాణానికి తిరిగి వెళ్తోంది. పూర్తిగా చేరడానికి దానికి ఆరు వారాలు పడుతుంది.